లెక్సస్ జీఎక్స్ 460 అసలు రిమ్ములకే పెద్ద ఆల్-టెరెయిన్ టైర్లు: కొలత నుంచి బిగింపు వరకు

కొలరాడోలో డెన్వర్ దాటి కొండల్లోకి ఎక్కే ఐ-70 రహదారిపై, మోరిసన్, డాట్సెరో ఊళ్ల మధ్య, సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు టైర్ల ట్రెడ్ (నేలను తాకే రబ్బరు మీది గాళ్లు) లోతు కనీసం 3/16 అంగుళం, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు, ఉండాలన్న నిబంధన ఉంది. మా జీఎక్స్ 460 టైర్లు ఆ గీత దగ్గరికి అరిగిపోయిన ఏడాది, ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి, మంచుకూ రాళ్ల దారికీ పనికొచ్చే ఆల్-టెరెయిన్ టైర్లు, అవీ ఒక మెట్టు పెద్దవి, వేయిద్దామనుకున్నాను. రిమ్ములు మాత్రం కారుతో వచ్చినవే ఉండాలి, కారు బాడీలో ఇనుము ఎక్కడా కోయకూడదు అని రెండు షరతులు పెట్టుకున్నాను. ఈ రెండు షరతులకు లోబడి ఎంత పెద్ద టైరు పడుతుంది, దాన్ని ఏ క్రమంలో వేయించాలి, తరవాత ఏమేమి సరిచూసుకోవాలి అన్నది కింద వివరిస్తున్నాను. 2010 నుంచి 2023 వరకు వచ్చిన జీఎక్స్ 460ని దృష్టిలో పెట్టుకుని అంకెలు ఇచ్చాను; కొలిచే పద్ధతి మాత్రం ఏ ఖరీదైన ఎస్‌యూవీకైనా వర్తిస్తుంది.

ముందుగా, కారులో ఏముందో చదువుకోవాలి

డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. అసలు టైరు కొలత, దానికి కంపెనీ చెప్పిన గాలి పీడనం దాని మీదే ఉంటాయి. ఆ స్టిక్కరును ఫొటో తీసి దగ్గర ఉంచుకోండి, ఈ పనిలో దాని అవసరం పలుమార్లు పడుతుంది. ఎక్కువ జీఎక్స్ 460లకు 265/60ఆర్18 టైర్లు, 18 అంగుళాల వ్యాసం, ఏడున్నర అంగుళాల వెడల్పు ఉన్న రిమ్ములు వచ్చాయి. చివరి సంవత్సరాల్లో కొన్ని రకాలకు 19 అంగుళాల రిమ్ములు ఇచ్చారు. వాటికి దొరికే ఆల్-టెరెయిన్ టైర్లు తక్కువ, పక్కగోడ ఎత్తూ తక్కువ, కనుక ఆ కారు ఉన్నవారు పాత 18 అంగుళాల సెట్టు వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

265 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎన్ని శాతమో, 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కగోడ 265లో 60 శాతం, అంటే 159 మిల్లీమీటర్లు. కిందా పైనా కలిపి 318. దానికి రిమ్ము వ్యాసం 457.2 కలిపితే మొత్తం టైరు ఎత్తు 775 మిల్లీమీటర్లు, అంటే ముప్పైన్నర అంగుళాలు. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే దుకాణంలో ఎవరు ఏ కొలత చెప్పినా నిమిషంలో తేల్చుకోవచ్చు.

ఈ రిమ్ము ఆఫ్‌సెట్ ప్లస్ 25. అంటే హబ్బుకు బిగుసుకునే ముఖం రిమ్ము మధ్యగీత కంటే 25 మిల్లీమీటర్లు బయటి వైపు ఉంటుంది. అందువల్ల చక్రం కారు లోపలి వైపు బాగా ఒదిగి కూర్చుంటుంది. బయటికి పొడుచుకు వచ్చే మార్కెట్ రిమ్ములతో పోలిస్తే అసలు రిమ్ము చూడటానికి సాదాగా ఉండవచ్చు గానీ, పెద్ద టైరు వేయాలనుకునేవారికి అదే పెద్ద అనుకూలత. కారణం రాపిడి గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

ఏ కొలత ఎంచుకోవాలి

పరిశీలించదగ్గవి నాలుగు. 265/65ఆర్18 అసలుదాని కంటే 26 మిల్లీమీటర్లు ఎత్తు, అంటే 3.4 శాతం పెద్దది. సాధారణంగా ఏ మార్పూ లేకుండా పడుతుంది. 275/65ఆర్18 ఎత్తు 815 మిల్లీమీటర్లు, 32 అంగుళాల పైచిలుకు, 5.1 శాతం పెద్దది. 265/70ఆర్18 ఎత్తు 828 మిల్లీమీటర్లు, 6.8 శాతం పెద్దది. ఇదే వరుసలో తరవాత వచ్చిన జీఎక్స్ 550 ఓవర్‌ట్రెయిల్‌కు లెక్సస్ స్వయంగా ఇచ్చిన కొలత కావడంతో దీనిలో రకాలు బాగా దొరుకుతాయి. 275/70ఆర్18 ఎత్తు 842 మిల్లీమీటర్లు, 33 అంగుళాలు దాటుతుంది, 8.6 శాతం పెద్దది.

చివరిదాన్ని నా షరతుల దృష్ట్యా మొదటే పక్కన పెట్టాను. అది వేస్తే ముందు చక్రం వెనక ఉండే బాడీ మౌంటు (బాడీని కింది ఛాసిస్‌కు బిగించే చోటు) ఇనుము కోయడం, మళ్లీ వెల్డింగు చేయడం దాకా పని పోతుంది. 265/70 మంచి కొలతే, కానీ కంపెనీ ఎత్తులోనే ఉన్న కారులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడో ఒకచోట రాసుకోవడం దాదాపు ఖాయం. చక్రం పైన గూడులా ఉండే ప్లాస్టిక్ లైనరును బాగా నొక్కి, అలైన్‌మెంటులో, అంటే చక్రాల కోణాల సర్దుబాటులో, కొంత సాయం తీసుకుంటే సర్దుకుంటుంది. సస్పెన్షన్ జోలికి పోకుండా రోజూ ఆఫీసుకూ, వారాంతం కొండలకూ తిరిగే కారుకు నేను 275/65ఆర్18 దగ్గర ఆగాను. నేల నుంచి ఇరుసు ఎత్తు పెరిగేది వ్యాసంలో పెరిగినదానిలో సగమే, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు. అంకెగా చిన్నదే అయినా, ఎత్తైన పక్కగోడ వల్ల గాలి తగ్గించి రాళ్ల మీద నడిపేటప్పుడు వచ్చే మెత్తదనమే అసలు లాభం.

రిమ్ము వెడల్పు సరిపోతుందా అన్నది చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న. ప్రతి టైరు కొలతకూ ఎంత వెడల్పు రిమ్ములు ఆమోదయోగ్యమో తయారీదారు పట్టికలో ఉంటుంది. 275/65ఆర్18కు ఆ పరిధి ఏడున్నర అంగుళాల దగ్గర మొదలవుతుంది. అంటే మన రిమ్ము సరిగ్గా కింది హద్దులో ఉంది. తయారీదారు టైరు వెడల్పును కొలిచేది ఎనిమిది అంగుళాల రిమ్ము మీద కాబట్టి మన రిమ్ము మీద అది సుమారు 5 మిల్లీమీటర్లు సన్నగా కూర్చుంటుంది. ఇదీ మనకు కలిసొచ్చేదే. 285 వెడల్పుకు పోవాలనే ఆశ ఉంటే మాత్రం ఈ రిమ్ముల మీద వదులుకోవడం మంచిది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇదే కుదురు మీద కట్టిన ల్యాండ్ క్రూజర్ ప్రాడో నడిపేవారికి ఒక మాట. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కాబట్టి అక్కడ ఆ మోడలుకు తయారీదారు ఆమోదించిన కొలతలు దాటకుండా ఆల్-టెరెయిన్ రకం టైరు వేసుకోవడమే సరైన దారి. కింద చెప్పే గాలి, బిగింపు జాగ్రత్తలు మాత్రం వారికీ పనికొస్తాయి.

ఎల్‌టీ టైరా, మామూలు టైరా

ఒకే కొలతలో రెండు జాతుల టైర్లు అమ్ముతారు. కొలతకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది ట్రక్కుల తరగతి. పక్కగోడ దళసరిగా, ఎక్కువ పొరలతో ఉండి పదునైన రాయికి త్వరగా చిరగదు. వీటిలో సీ, డీ, ఈ అనే భార శ్రేణులు ఉంటాయి. ఈ-శ్రేణినే దుకాణాల్లో పది పొరల టైరు అంటారు. ఆ అక్షరాలు లేనిది ప్యాసింజరు తరగతి. తేలిగ్గా, నిశ్శబ్దంగా, మెత్తగా నడుస్తుంది.

ఖరీదైన కారు కొనేది ఆ నిశ్శబ్దం కోసమే కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. ఈ-శ్రేణి టైరు ఒక్కొక్కటి అసలు టైరు కంటే బ్రాండును బట్టి 5 నుంచి 10 కిలోల వరకు ఎక్కువ బరువు తూగుతుంది. ఆ బరువు స్ప్రింగు కింద, అదీ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అందుకే వేగం అందుకోవడానికీ, బ్రేకు పట్టడానికీ, గుంతలో పడి తేరుకోవడానికీ అదనపు శ్రమ పడుతుంది. ఏడాదికి నాలుగైదుసార్లు మట్టిదారి చూసే కారుకు ప్యాసింజరు తరగతి ఆల్-టెరెయిన్ టైరు చాలు. యూటా రాళ్ల బాటల్లో నెలకోసారి తిరిగేవారు ఎల్‌టీ తీసుకోవాలి. నేను ఈ-శ్రేణి తీసుకున్నాను. ఇప్పుడైతే సీ-శ్రేణి దొరికేదాకా ఆగేవాణ్ణి.

రెంటిలో ఏదైనా సరే, పక్కగోడ మీద మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. అది ఉంటేనే మంచు పట్టు పరీక్షలో నెగ్గిన టైరు. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలకు అలాంటి పరీక్ష ఏదీ లేదు. భార సూచిక, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, అసలు టైరుకు తగ్గకూడదు. వేగ సూచికలో అసలుది హెచ్, అంటే గంటకు 210 కిలోమీటర్లు; ఆల్-టెరెయిన్ టైర్లలో ఎక్కువగా దొరికే ఎస్ సూచిక 180 వరకు. ఇక్కడి రహదారి వేగాలకు అది చాలు, కానీ తగ్గిందని తెలిసే కొనాలి.

ఎక్కడ రాసుకుంటుంది, ఎందుకు రాసుకుంటుంది

పెద్ద టైరు వేస్తే వెనక చక్రాలతో పేచీ దాదాపు ఉండదు, చిక్కంతా ముందే. నేరుగా నిలబడి ఉన్నప్పుడు చుట్టూ బోలెడంత చోటు కనిపించి మోసపోతాం. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు భుజం ఒక వంపు గీస్తూ ముందు వైపు బంపరు మూలను, వెనక వైపు మడ్ ఫ్లాపును, ప్లాస్టిక్ లైనరును, దాని వెనక దాగిన ఇనుప రేకుల అతుకును, బాడీ మౌంటును సమీపిస్తుంది. ముఖ్యంగా రివర్సులో పూర్తిగా తిప్పి పార్కు చేసేటప్పుడు, మొదటి రాపిడి శబ్దం వినిపించేది మడ్ ఫ్లాపు దగ్గరే.

ఇక్కడే అసలు రిమ్ము ఆఫ్‌సెట్ ఉపయోగపడేది. చక్రం స్టీరింగు ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే అది గీసే వంపు అంత చిన్నది. అందం కోసం హబ్బుకూ రిమ్ముకూ మధ్య పాతిక మిల్లీమీటర్ల స్పేసరు బిళ్ల పెట్టిన వెంటనే ఆ వంపు పెద్దదై, ముందు పడుతున్న టైరే రాసుకోవడం మొదలుపెడుతుంది. ఇరవై మిల్లీమీటర్ల ఎత్తు కోసం ఇంత లెక్క వేసి, పాతిక మిల్లీమీటర్ల స్పేసరుతో దాన్ని పాడు చేసుకోవడం నాకు అర్థం కాని ముచ్చట.

కారు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ పెడితే రాపిడి పోతుందన్న నమ్మకం కూడా సగమే నిజం. మామూలు రోడ్డు మీద నిలబడినప్పుడు ఎడం పెరుగుతుంది, నిజమే. కానీ గుంతలో చక్రం పూర్తిగా పైకి నొక్కుకుపోయినప్పుడు అది ఆగేది బంప్ స్టాపు అనే అడ్డు దిమ్మ దగ్గర. లిఫ్ట్ పెట్టినా పెట్టకపోయినా ఆ చోటు మారదు. కాబట్టి పూర్తి నొక్కుడులో రాసుకునే టైరు లిఫ్ట్ తరవాత కూడా రాసుకుంటుంది, కాకపోతే అరుదుగా.

ముందు ఒక్క చక్రంతో సరిచూడడం

అయిదు టైర్లూ ఎక్కించి డబ్బు కట్టేశాక రాసుకుంటుందని తెలియడం కంటే, ఒక టైరు ముందుగా రిమ్ముకు ఎక్కించి పరీక్షించుకోవడం తెలివైన పని. చాలా దుకాణాలు అడిగితే ఒప్పుకుంటాయి, ముందుగా మాట్లాడుకోవాలి.

సమతలంగా ఉన్న చోట పార్కింగు బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే జాకీ పెట్టే ముందు ఎత్తు నియంత్రణను ఆపు చేయాలి. లేకపోతే కారు ఎత్తినప్పుడు అది తనంతట తాను సర్దుకోవాలని చూస్తుంది. పరీక్ష చక్రాన్ని ముందు ఎడమ వైపు బిగించి, కారు దింపి, స్టీరింగును ఒక చివరి నుంచి మరో చివరికి మెల్లగా తిప్పుతూ ఇంకొకరిని టార్చిలైటుతో చూడమనండి. లోపలి వైపు టైరుకూ సస్పెన్షన్ పై చేతికీ మధ్య కనీసం చిటికెన వేలు దూరాలి. తరవాత లైనరు అంచుల మీద సుద్ద పూసి, వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీదికి ఐమూలగా ఎక్కించండి. అప్పుడు ఒక ముందు చక్రం బాగా పైకి నొక్కుకుంటుంది. ఆ స్థితిలో స్టీరింగు తిప్పి, దిగి చూస్తే సుద్ద చెరిగిన చోటే మీరు పని చేయాల్సిన చోటు. రెండో వైపు కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే కుడి ఎడమలు ఎప్పుడూ అచ్చు ఒకేలా ఉండవు.

275/65తో నాకు సుద్ద చెరిగింది మడ్ ఫ్లాపు లోపలి అంచునా, దాని పైన లైనరు మీదా మాత్రమే. ఫ్లాపు తీసేశాను. లైనరును పట్టి ఉంచే క్లిప్పులు విప్పి, హీట్ గన్‌తో వేడి చేసి, మందపాటి తొడుగులు వేసుకున్న చేతులతో వెనక్కి నొక్కి చల్లారేదాకా పట్టుకుంటే అది కొత్త ఆకారంలో నిలిచిపోయింది. ప్లాస్టిక్ మెత్తబడాలి గానీ మెరవకూడదు, మెరుస్తోందంటే కరగబోతున్నట్టు. లైనరు వెనక పోయే వైర్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. ఇంకా కొద్దిగా తగులుతుంటే అలైన్‌మెంటు చేసేవారిని, కంపెనీ పరిధి దాటకుండా, రెండు వైపులా సమానంగా క్యాస్టరు (స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచమని అడగాలి. ఈ కారులో కింది చేతి దగ్గరున్న సర్దుబాటు బోల్టులతో అది సాధ్యం. క్యాస్టరు పెరిగితే చక్రం బాడీ మౌంటు నుంచి కొద్ది మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది.

దుకాణంలో బిగించే రోజు

టైర్లు రాగానే పక్కగోడ మీద డాట్ అన్న గుర్తు చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనదని అర్థం. అయిదింటికీ దగ్గరి తేదీలు ఉండాలి. తెల్ల అక్షరాలు బయటికి కనిపించాలా లోపలికి ఉండాలా అన్నది మెకానిక్‌కు ముందే చెప్పాలి. అడగకపోతే ఆయనకు తోచినట్టు ఎక్కిస్తాడు.

పాత టైరు ఊడదీశాక రిమ్ము అంచు, టైరు కూర్చునే గాడి శుభ్రం చేయించాలి. అక్కడ పేరుకున్న తుప్పూ, పాత రబ్బరూ వల్లనే తరవాత మెల్లగా గాలి దిగిపోతుంటుంది. రిమ్ము లోపల గాలి పీడనం చెప్పే టీపీఎంఎస్ సెన్సరు ఉంటుంది. దాని వాల్వుకు కొత్త రబ్బరు వాషర్ల కిట్టు తప్పక వేయించండి. కారుకు పదేళ్లు దగ్గర పడితే సెన్సర్లనే మార్చడం మేలు, ఎందుకంటే బ్యాటరీ లోపలే మూసి ఉంటుంది, అది అయిపోతే మళ్లీ టైరు ఊడదీయాలి. కొత్త సెన్సర్ల గుర్తింపు సంఖ్యలు కారు కంప్యూటరులో నమోదు చేస్తేనే అవి పలుకుతాయి. బ్యాలెన్సింగుకు రిమ్ము అంచుకు కొక్కెంతో తగిలించే బరువు బిళ్లలు కాకుండా లోపలి వైపు అంటించే బిళ్లలు అడగండి; కొక్కెం బిళ్లలు రిమ్ము పూతను గీరుతాయి. బరువైన టైర్లకు రోడ్ ఫోర్స్ పద్ధతిలో, అంటే టైరు మీద రోలరు నొక్కి చూసి, బ్యాలెన్సింగు చేయిస్తే 65 మైళ్ల వేగం దగ్గర వచ్చే స్టీరింగు వణుకు చాలావరకు ఉండదు.

అసలు రిమ్ములకు అసలు నట్లే వాడాలి. వేరే ఆకారం నట్టు బిగుసుకున్నట్టు కనిపించినా సరిగా కూర్చోదు. నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, రెండు విడతలుగా, చివరకు టార్క్ రెంచితో కారు పుస్తకంలో చెప్పినంతకు బిగించాలి. ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ రెంచి పెట్టి చూడాలి.

గాలి ఎంత పెట్టాలి

పెద్ద టైర్ల విషయంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తలుపు మీది స్టిక్కరు చెప్పే పీడనం అసలు టైరుకు మాత్రమే. ఎల్‌టీ టైరు అదే బరువు మోయాలంటే అంతకంటే ఎక్కువ గాలి కావాలి. నాకు బిగించిన దుకాణంలో స్టిక్కరు చూసి అంతే నింపి పంపారు. జూలై ఎండలో ఆరుగురితో, నిండా సామానుతో యూటాలోని మోయాబ్‌కు బయలుదేరి, మధ్యలో ఆగి పక్కగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. టైరు మీద రాసి ఉండే గరిష్ఠ పీడనం, ఈ-శ్రేణికి 80 పీఎస్‌ఐ, నింపితే మాత్రం కారు ఎద్దుబండిలా ఎగిరెగిరి పడుతుంది, పట్టు కూడా పోతుంది.

సరైన పద్ధతి ఇది. అసలు టైరు స్టిక్కరు పీడనం దగ్గర ఎంత బరువు మోస్తుందో భార పట్టికలో చూడాలి. ప్యాసింజరు టైరును ఎస్‌యూవీకి వాడినప్పుడు ఆ బరువును 1.1తో భాగించాలన్నది అమెరికా భద్రతా ప్రమాణం. వచ్చిన అంకెకు తగ్గకుండా మోయడానికి కొత్త టైరుకు ఎంత పీడనం కావాలో దాని తయారీదారు పట్టికలో చూసుకోవాలి. నా ఈ-శ్రేణి 275/65ఆర్18కు ఆ లెక్క 40 పీఎస్‌ఐ దగ్గర తేలింది. ప్యాసింజరు తరగతి టైరైతే స్టిక్కరు పీడనానికి దగ్గరలోనే తేలుతుంది. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. స్టిక్కరు పీడనం కంటే 25 శాతం తగ్గేసరికి దీపం వెలిగి తీరాలన్నది టీపీఎంఎస్ నిబంధన. 40 ఉండాల్సిన టైరుకు ఆ హెచ్చరిక బాగా ఆలస్యంగా వస్తుంది. దీపాన్ని నమ్ముకోకుండా నెలకోసారి గేజీతో చూడటం అలవాటు చేసుకోండి.

స్పీడోమీటరు, మైలేజీ

స్పీడోమీటరు చక్రం చుట్లను లెక్కిస్తుంది, అందువల్ల 5.1 శాతం పెద్ద టైరుతో అది 60 చూపినప్పుడు కారు దాదాపు 63 మైళ్ల వేగంతో పోతుంటుంది. కంపెనీ మీటర్లు సాధారణంగా కొంచెం ఎక్కువే చూపుతాయి కనుక తేడా అంతకంటే తక్కువ ఉండవచ్చు. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిపోల్చుకోండి. ఓడోమీటరు కూడా అలాగే తక్కువ చూపుతుంది: 10,000 అని చూపేసరికి నిజంగా 10,500 మైళ్లు తిరిగినట్టు. పెద్ద టైరు వేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందని చెప్పేవారు ఈ తేడా కలుపుకోరు. నేను కలిపి చూసుకుంటే గాలనుకు ఒక మైలు చొప్పున తగ్గింది, అది నిజమైన నష్టం. డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి దానికి శక్తి తెచ్చే కడ్డీ తిరిగే చుట్లు) 3.9 ఉన్న కారు ఇప్పుడు 3.7 ఉన్నట్టు నడుస్తుంది. ఐ-70 మీది ఐసెన్‌హోవర్ సొరంగానికి ఎక్కే చోట గేరు ముందుకంటే ఒకసారి ఎక్కువ దిగుతుంది. 4.6 లీటర్ల వీ8 కాబట్టి అంతకు మించి బాధ తెలియదు.

అయిదో టైరు

డబ్బు మిగుల్చుకోవాలని నాలుగే కొని, స్పేరుగా పాత 265/60 ఉంచుకునేవారు ఉన్నారు. ఈ కారులో అది పనికిరాదు. జీఎక్స్ 460లో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందుతుంది. ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే టోర్సెన్ డిఫరెన్షియల్ మధ్యలో ఉంటుంది. ఒక మూల అయిదు శాతం చిన్న చక్రం తగిలిస్తే, నేరుగా పోతున్నా ఆ డిఫరెన్షియల్ ఎడతెగకుండా తిరుగుతూ వేడెక్కుతుంది. మంచులో ఆ డిఫరెన్షియల్‌ను కదలకుండా పట్టే సెంటర్ లాక్ వేస్తే పరిస్థితి ఇంకా చెడ్డది. అయిదూ ఒకేసారి కొని, ప్రతి 5,000 మైళ్లకు స్పేరును కూడా కలిపి వరుస మారిస్తే అన్నీ సమానంగా అరుగుతాయి, ఒక సెట్టు నాలుగో వంతు ఎక్కువ కాలం వస్తుంది కూడా.

స్పేరు ఈ కారులో వెనక అడుగున గొలుసుకు వేలాడుతుంది. పెద్ద టైరును అక్కడికి ఎక్కించాక అది దేనికీ ఒరుసుకోకుండా గట్టిగా అంటుకుని కూర్చుందో లేదో, సైలెన్సరు గొట్టానికి ఎంత దూరంలో ఉందో పడుకుని చూడండి. ఆ తరవాత ఇంటి ముందే ఒకసారి కారులోని జాకీ, కడ్డీలతో దాన్ని దింపి, మళ్లీ ఎక్కించండి. కొత్త టైరు బరువు ఎంతో, అసలు జాకీ 20 మిల్లీమీటర్లు పెరిగిన కారును చక్రం మార్చేంత ఎత్తు లేపగలదో లేదో, కింద చెక్క దిమ్మ అవసరమో కాదో అప్పుడు తెలుస్తుంది. నాకు దిమ్మ అవసరమైంది. ఇప్పుడది జాకీ పక్కనే ఉంటుంది.